చందాదారులు కాపాడిన సరస్వతి

పూర్వుల పలుకులు మనవఱకు వచ్చుటకు మార్గములు మూడు. మొదటిది రాజాదరణము. తంజావూరి నాయకరాజుల కాలమునను, అటుపిమ్మట మహారాష్ట్ర ప్రభువుల కాలమునను చేరిన తాళపత్రములు సరస్వతీ మహలు గ్రంథాలయమున భద్రముగా నుండుట చేతనే ఆ యుగమునాటి తెలుగు కావ్యములు, యక్షగానములు అనేకములు మనకు దక్కినవి. రెండవది ఒక్కని పట్టుదల. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820 లో కడపకు వచ్చిన పిమ్మట పండితులను తన స్వంత ధనముతో నియమించి, చెదలు తినుచున్న ప్రతులను ఊరూర వెదకించి, పాఠములను సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. మూడవది పదిమంది పూనిక. గొప్ప సంపదగాని, అధికారముగాని లేనివారు ఏటేట కొంత చందా నిచ్చి, తీరిక వేళ కొంత శ్రమ నిచ్చి, ఒక సంఘముగా నిలిచి కాపాడుట.

మొదటి రెండు మార్గములను గూర్చి మనము తఱచు వినుచుందుము. మూడవదానిని గూర్చి చెప్పుకొనునది తక్కువ. ఏలయన అందులో కథానాయకుడు లేడు. ఉన్నది ఒక చందా పుస్తకము, ఒక బీరువా, ఆ బీరువా తాళముచెవిని వంతుల వారీగా మోసిన కొందఱు మనుష్యులు. కాని గడచిన 120 సంవత్సరములలో తెలుగువారి గ్రంథములు, శాసనములు, పాత పత్రికలు ఎన్నియో నశింపక నిలిచినది ఈ మార్గముననే. రాజవంశము అంతరించిన పిమ్మట భండారమునకు దిక్కెవరో తెలియదు. బ్రౌనువంటివాడు మరల పుట్టునను నమ్మకము లేదు. పాత సభ్యుని స్థానమున క్రొత్త సభ్యుడు వచ్చుచున్నంత కాలము సంఘమునకు మాత్రము మరణము లేదు. దాని బలమెల్ల ఆ ఒక్క షరతులోనే యున్నది. దాని బలహీనతయు అందులోనే యున్నది.

హైదరాబాదు నగరమున 1901 సెప్టెంబరు 1 వ తేదీన వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును ఉదాహరణముగా తీసికొందము. నాటి నిజాం రాజ్యమున రాజభాష ఉర్దూ. తెలుగు మాటలాడు ప్రజలు లక్షలకొలది యున్నను, కచేరీలలోను ఉన్నత విద్యలోను వారి భాషకు చోటు లేదు. అట్టి కాలమున కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల ప్రభువు నాయని వేంకట రంగారావు మున్నగువారు పూనుకొని, రావిచెట్టు రంగారావుగారి గృహముననే ఈ నిలయమును స్థాపించిరి. అది పుస్తకములు దాచు గది మాత్రమే కాదు. తెలుగు పుస్తకము చదువుకొనుటకును, తెలుగున నలుగురితో మాటలాడుటకును నగరమున ఏర్పడిన తావు. 1904 లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. స్థాపకు లందఱును గతించిరి, రాజ్యములు మాఱినవి, రాష్ట్రములు ఏర్పడి విడిపోయినవి. హైదరాబాదు నిలయము మాత్రము సుల్తాను బజారులో నేటికిని నిలిచియున్నది.

చందా అనగా కేవలము ధనము కాదని ఆనాటివారు త్వరలోనే కనుగొనిరి. 1906 లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి ఇందులకు నిదర్శనము. ఒక శాస్త్రగ్రంథమునో, చరిత్రగ్రంథమునో తెలుగున అచ్చొత్తింపవలెనన్నచో కాగితమునకు, కూర్పునకు, కట్టునకు ముందుగా సొమ్ము కావలెను. పుస్తకము అమ్ముడగునో లేదో తెలియదు. ధనికుని ఆశ్రయించినచో ఆయన ఇష్టమైన కావ్యమునే అచ్చొత్తింపవలసి వచ్చును. మండలివా రిందులకు ఉపాయము పన్నిరి. వెలువడు గ్రంథములన్నియు కొందుమని ముందుగా మాట యిచ్చువారిని చందాదారులుగా చేర్చుకొని, వారికి తగ్గింపు వెలకు పుస్తకములు పంపిరి. కొనువారు ముందే యుండుట చేత మండలికి ధైర్యము కలిగినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్ర మొదలుగా దేశచరిత్రలు, ప్రకృతిశాస్త్రములు తెలుగు ఇండ్లలోనికి వచ్చినది ఈ విధముననే. చందాదారుడు ఒక్కొక్క పుస్తకమునకు వెల చెల్లించినవాడు కాడు. ఇంకను వ్రాయబడని పుస్తకమునకు హామీ పడినవాడు.

సంఘము ఆస్తి ఎవరిది? ఇది చిన్న ప్రశ్న వలె కనబడును గాని సమస్తము దీనిమీదనే ఆధారపడియున్నది. బ్రిటిషు ఇండియాలో 1860 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము దీనికి సమాధానము చెప్పినది. సాహిత్యము, విజ్ఞానము, ధర్మకార్యము మొదలగువాని కొఱకు కనీసము 7 గురు కలసి సంఘముగా నమోదు చేసికొనవచ్చును. ఆ సంఘమును రద్దు చేయదలచినచో సభ్యులలో అయిదింట మూడు వంతుల మంది అంగీకరింపవలెను. రద్దయిన పిమ్మట అప్పులు తీరగా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకొనుటకు వీలు లేదు. మరియొక సంఘమునకు అప్పగింపవలసినదే. అనగా చందా చెల్లించినవాడు యజమాని కాడు, ధర్మకర్త. అతడు పుస్తకమును ఇంటికి గొనిపోవచ్చును, తిరిగి ఇయ్యవలెను. అమ్ముకొనరాదు.

ఈ భావము ఇతర దేశములందును బలముగా నాటుకొన్నది. ఇంగ్లండున 1895 లో ఆక్టేవియా హిల్, రాబర్టు హంటరు, హార్డ్విక్ రాన్స్లీ అను మువ్వురు నేషనల్ ట్రస్టు అను సంఘమును స్థాపించిరి. సుందరప్రదేశములను, ప్రాచీన గృహములను ప్రజలందఱి కొఱకు కాపాడుట దాని పని. 1907 లో ఆ దేశపు పార్లమెంటు చేసిన చట్టము వలన, ట్రస్టు తన ఆస్తులలో కొన్నింటిని అన్యాక్రాంతము కారానివిగా ప్రకటించు అధికారమును పొందినది. నేడు దాని సభ్యులు 50 లక్షలకు మించియున్నారు. వేలాది మంది జీతము లేక అందు పని చేయుచున్నారు. మన సంఘములు దానితో పోల్చినచో చిన్నవి. సూత్రము మాత్ర మొకటే: పలువురు కొంచెము కొంచెముగా ఇచ్చినదానిని ఒక్కడు హరింపలేడు.

ఇక శ్రమను గూర్చి. 1914 ఏప్రిలు నెలలో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమైరి. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ ఉద్యమమునకు ప్రాణము. పల్లెలలో పాఠశాల ఉపాధ్యాయులు, రైతులు, విద్యార్థులు తమంత తామే గ్రంథాలయములు పెట్టిరి. పుస్తకము కొఱకు మనిషి రాలేనిచోట పుస్తకమే మనిషి కడకు పోవలెనని తలచి, 1935 లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువమీద పడవ గ్రంథాలయమును నడపించిరి. 1918 లో వేటపాలెమున ప్రారంభమైన సారస్వత నికేతనము భవనమునకు 1929 లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. నిన్నటి పత్రికను పొట్లములు కట్టుటకు వాడుట లోకరీతి. ఆ నేతగాండ్ర ఊర పత్రికలను తేదీల వరుసను పేర్చి సంపుటములుగా కట్టి ఉంచినవారుండుట చేతనే, నేడు పరిశోధకులు దూరప్రాంతముల నుండి అచటికి పోవుచున్నారు. ఏ కాగితము రేపు అమూల్యమగునో ఈనాడు తెలియదు. కావున ఎంపిక చేయక, ఓపికతో వరుస తప్పక దాచుటే గొప్ప సేవ.

శాసనముల విషయమును ఇట్టిదే. 1921 లో హైదరాబాదున ఆంధ్ర జనసంఘము ఏర్పడిన మఱుసటి సంవత్సరమున పరిశోధనకై ఒక శాఖ వెలసినది. 1923 లో లక్ష్మణరావుగారు దివంగతులైన పిమ్మట దానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరు పెట్టిరి. పల్లెలలో శాసనపు బండలు చాకిరేవులలో బట్టలుతుకుటకును, వాకిళ్లలో మెట్లకును వినియోగమగుచుండెడివి. శాసనమునకు ప్రతిబింబము తీయు పద్ధతి శ్రమతో కూడినది. రాతిని నీటితో కడిగి, తడిపిన కాగితమును దానిమీద పఱచి, కుంచెతో తట్టుచు అక్షరముల గుంటలలోనికి కాగితము దిగునట్లు చేయవలెను. అటుపై సిరా అద్దిన మెత్తతో మెల్లగా అద్దినచో రాతి ముఖము నల్లగాను, అక్షరములు తెల్లగాను కాగితముపై తేలును. ఎండలో, ముండ్లలో, ఊరివారి అనుమానపు చూపుల నడుమ ఈ పని చేయవలెను. ఇట్టి కృషి ఫలితముగా తెలంగాణా శాసనములు మొదటి సంపుటము 1935 లో వెలువడినది.

ఒక్కొక్కప్పుడు సంఘము అను పేరు లేకున్నను పత్రిక పాఠకులే సంఘమైన సందర్భము కలదు. నిజాం రాజ్యమున తెలుగు కవులు లేరను మాట వచ్చినప్పుడు, గోలకొండ పత్రికా సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగలేదు. కవులు తమ పద్యములు పంపవలసినదని కోరిరి. మాఱుమూల గ్రామముల నుండి వచ్చినవానితో 1934 లో గోలకొండ కవుల సంచిక వెలువడినది. అందు చోటు చేసికొన్న కవులు 354 మంది. వారిలో ఎందఱి పద్యములు అటుల అచ్చు కాకున్నచో ఇంటి చూరులోనే చివికిపోయియుండెడివో ఊహించుకొనవచ్చును.

ఇంతవఱకు చెప్పినది సేకరణము. సేకరించినదానిని నిలుపుట అంతకంటె కష్టము. దీనికి కారణము కాగితపు పుట్టుకలోనే కలదు. తాటియాకుపై గంటముతో గీసి మసి రాచిన అక్షరము నూఱుల యేండ్లు నిలుచును. తెఱచి చూచుచు, నిమ్మగడ్డి నూనె పలుచగా రాచుచు, చెక్కపలకల నడుమ త్రాటితో కట్టి యుంచినచో ఆకు పెళుసు కాదు. పురుగు దరి చేరదు. నూలుపేలికలతో చేసిన పూర్వపు కాగితమును గట్టిదే. కాని 19 వ శతాబ్ది ఉత్తరార్ధము నుండి కొయ్యగుజ్జుతో చౌక కాగితము వచ్చినది. కొయ్యలోని లిగ్నిను అను పదార్థము వెలుతురు సోకగా పసుపుపచ్చ బాఱును. సిరా ప్రాకకుండుటకై కాగితమునకు పట్టించిన పటిక, పైను చెట్ల జిగురు క్రమముగా ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము కాగితపు పీచును లోలోపలనే త్రుంచివేయును. అందుచేతనే 1920 నాటి అచ్చుపుస్తకము పుట తిప్పగానే అప్పడము వలె విఱుగుచుండగా, అంతకు 200 ఏండ్లు పూర్వపు తాళపత్రము చెక్కుచెదరక యుండుట తటస్థించును. మన అచ్చు సాహిత్యములో తొలి శతాబ్ది యంతయు ఇట్టి ఆపదలో నున్నది.

దీనికి పరమౌషధము లేదు; నిత్యసేవ కలదు. వేడి, తేమ, వెలుతురు, పురుగు – ఈ నలుగురు శత్రువులను దూరముగా నుంచుటే రక్షణము. పుస్తకములను గోడకు ఆనించి పెట్టరాదు. తేమ గోడ నుండియే ప్రాకును. ఎండలో పఱవరాదు, నీడను గాలి ఆడనీయవలెను. మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను. ఇనుప గుండుసూదులు, పిన్నులు త్రుప్పు పట్టి కాగితమును తినును గావున వానిని తొలగింపవలెను. చినిగిన పుటకు అంటించు పారదర్శకపు టేపు కొన్ని ఏండ్లలో గోధుమరంగు మరకగా మాఱి అక్షరమునే మ్రింగును గావున దానిని వాడరాదు. పుస్తకముపై వ్రాయవలసినది ఉన్నచో పెన్సిలుతోనే వ్రాయవలెను. వీనిలో ఏదియు పండితుడు చేయవలసిన పని కాదు. వారమున కొక గంట ఓపిక పట్టగల గృహిణియైనను, విద్యార్థియైనను, పదవి విరమించిన ఉద్యోగియైనను చేయదగినదే.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును: ఇదంతయు ప్రభుత్వపు పని కాదా? నిజమే. 1960 లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము వచ్చినది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సును మనము చెల్లించుచున్నాము. ఆ సొమ్ముతో జిల్లా గ్రంథాలయ సంస్థలు శాఖలను నడుపుచున్నవి. అది అవసరమైన సేవ. కాని పన్ను చెల్లించువానికిని, సభ్యునికిని భేద మున్నది. పన్ను చెల్లించినవాడు రసీదుతో ఇంటికి పోవును. సభ్యుడు సర్వసభ్య సమావేశమున లేచి, ఈ సంవత్సరము ఎన్ని సంపుటములు కట్టించితిరి, ఎన్ని పోయినవి అని అడుగగలడు. అడుగువాడు లేని బీరువాను చెదపురుగే అడుగును.

అటులని సంఘములందు లోపములు లేవని కాదు. ఒక్క కార్యదర్శి చేతిలోనే దశాబ్దములు నడచిన సంస్థ ఆయనతోనే తీరిపోవుట అరుదు కాదు. పదవుల తగవులలో తలుపులు మూతపడినవియు కలవు. మరియొక లోపము ఇంకను లోతైనది. సంఘము దేనిని తనదిగా భావించునో దానినే దాచును. చదువు కొందఱికే అందిన కాలమున సభ్యులును ఆ కొందఱే. అందుచేత కావ్యములు బీరువాల కెక్కినవి. నాట్లు వేయు స్త్రీల పాటలు, వాద్యకాండ్ర కథలు, వృత్తిపనివారి మాటలు చాల కాలము బయటనే మిగిలిపోయినవి. నేదునూరి గంగాధరముగారు, బిరుదురాజు రామరాజుగారు వంటివారు ఊరూర తిరిగి జానపద గేయములను వ్రాసికొనుట చేతనే వానిలో కొంత భాగము దక్కినది. పాట గాలిలో పుట్టి గాలిలో కలసిపోవు వస్తువని రేడియోలో పని చేయువారికి ఎవరును చెప్పనక్కఱలేదు. ఎవరు సభ్యులో వారి జ్ఞాపకమే నిలుచును. కావున తలుపులు విశాలముగా తెఱచుట ఔదార్యము మాత్రమే కాదు. భాష పూర్ణరూపమున నిలుచుటకు అదియే ఉపాయము.

నేటి కాలమున ఈ సేవకు క్రొత్త పనిముట్లు కూడ వచ్చినవి. 2003 లో ప్రారంభమైన తెలుగు వికీపీడియాను వ్రాసినవారు, దాని సోదర సంస్థయైన వికీసోర్సున పాత పుస్తకముల పుటలను చూచుచు అక్షరమక్షరము దిద్దుచున్నవారు జీతగాండ్రు కారు. ఇల్లు కదలక, రాత్రి భోజనానంతరము ఒక పుటను సరిచూచువారి శ్రమ అది. ఐనను ఛాయాప్రతి మూలమునకు బదులు కాదు. ఛాయాప్రతిలో ఒక పుట తప్పిపోయినచో మరల చూచుటకు మూలమే కావలెను. యంత్రములు మాఱినప్పుడెల్ల ఛాయాప్రతినిగూడ క్రొత్తదానిలోనికి మార్చుచుండవలెను. దానికిని కావలివారు కావలెను.

మొదట చెప్పిన బ్రౌనుదొర సంగతి ఈ సందర్భమున మరల స్మరింపదగినది. కడపలో ఆయన నివసించిన బంగళా శిథిలమై, మొండిగోడలు మాత్రమే మిగిలినవి. 20 వ శతాబ్ది చివరి భాగమున జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పూనుకొని, పలువురి తోడ్పాటుతో, విరాళములు కూర్చి, ఆ స్థలముననే బ్రౌను పేర గ్రంథాలయమును నిలిపిరి. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయపు ఆధ్వర్యమున భాషా పరిశోధన కేంద్రముగా నున్నది. ఒంటరిగా పాటుపడినవాని జ్ఞాపకమునుగూడ తుదకు పదిమందియే కాపాడవలసివచ్చినది.

ఈ వ్యాసము చదువు గృహస్థులు చేయదగిన పనులు కొన్ని కలవు. మీ యూరనో, సమీప పట్టణముననో పాత గ్రంథాలయ సంఘ మున్నదేమో విచారింపుడు. ఉన్నచో సభ్యులుగా చేరుడు. ఇంటిలోని యువకునిగూడ చేర్పింపుడు, ఏలయన అట్టి సంఘములకు నేడు ధనముకంటె వయస్సులో చిన్నవారు ముఖ్యముగా కావలెను. సర్వసభ్య సమావేశమునకు తప్పక పొండు, లెక్కలు చదివించుకొనుడు. మీ తాతగారి పెట్టెలో పాత పత్రికలు, వ్రాతప్రతులు, ఉత్తరములు ఉన్నచో తూకమునకు వేయకముందు ఎఱిగినవారికి ఒకసారి చూపింపుడు. ముసలమ్మలు పాడు పాటను, పాడినవారి పేరు, ఊరు, తేదీలతో సహా వ్రాసిగాని, ధ్వనిముద్రణము చేసిగాని ఉంచుడు. పేరు, ఊరు లేని పాట సగము పోయినట్లే. సంఘము లేని యూర 7 గురు కలసినచో ఒకటి పెట్టవచ్చును. తాళముచెవులు మాత్రము కనీసము ఇద్దఱి వద్ద ఉంచుడు.